కాకి తన్నిన మీటింగు

కాశిబుగ్గలో మైకు రాయమల్లును ఎరగనివాళ్లు లేరు, అతను నాలుగు ముక్కలు వరసగా మాట్లాడగా విన్నవాళ్లూ లేరు. పెళ్లి గానీ, భజన గానీ, ఓట్ల సభ గానీ, మిల్లు సమ్మె గానీ, అందరికంటే ముందు వినపడేది అతని గొంతే. అది "హలో, హలో, మైక్ టెస్టింగ్" దగ్గర ఆగిపోయేది. ఆ తరవాత మైకు పెద్దమనుషుల చేతికి పోయేది. రాయమల్లు ఆంప్లిఫయర్ పక్కన గోనెపట్టా మీద కూలబడి, వాళ్ల అబద్ధాలు ఊరికి స్పష్టంగా వినపడేలా సౌండు సరిచేస్తూ ఉండేవాడు.

తండ్రీ తాతా అందరూ నేతగాళ్లే. రాయమల్లుకు మాత్రం గుంట మగ్గంలో కాళ్లు నిలవలేదు. "బతికుండంగనే నడుందాక బొంద పెట్టుకునుడు నాతోని కాదు" అని తండ్రి మొహం మీదే చెప్పాడు. డెబ్బై రెండులోనో మూడులోనో, హన్మకొండలో దివాలా తీసిన ఒక నాటకాల కంపెనీ దగ్గర పాత ఆంప్లిఫయరూ రెండు హారన్లూ సంపాదించాడు. తండ్రి ఇంట్లోంచి పొమ్మన్నాడు. అక్క కట్టమ్మ మొగుడు ఉప్పలయ్య తన మగ్గం పక్కనే ఆ సామానుకు ఇంత చోటిచ్చి, "ఉండు బామ్మర్దీ, మీ నాయిన కోపం సల్లారేదాక ఈన్నే ఉండు" అన్నాడు. తండ్రి కోపం చల్లారడానికి ఏడాది పట్టింది. చల్లారాక ఆయన అన్న మొదటి మాట, "నీ బూర జర బంజెయ్, చెవులు పోతానయి."

పదేళ్లు మీటింగులు వినీ వినీ రాయమల్లుకు పెద్దమనుషుల మీద భక్తి పూర్తిగా చచ్చిపోయింది. ఎవడు దగ్గితే ఏ మాట మింగుతున్నాడో అతనికి తెలిసేది. దేవుడి పేరుతో ఉపన్యాసం మొదలుపెట్టినవాణ్ణి అసలు నమ్మేవాడు కాదు. ఈ తెలివంతా ఇంటి గడప దాకానే. గడప లోపల భార్య లక్ష్మీనర్సమ్మ ముందు అతనూ ఒక శ్రోతే.

లక్ష్మీనర్సమ్మ బీడీలు చుట్టేది. మాట తక్కువ, అన్న మాట మార్చడం ఇంకా తక్కువ. ఎనభై మూడులో వాళ్ల ఒక్కగానొక్క బిడ్డ స్వరూప ఏడో తరగతి చదువుతుండగా, వీధి చివర ఉన్న హైస్కూలు మీద ఒక పిడుగు పడింది. స్కూలు కరస్పాండెంట్ రాజేశ్వర్ రావు ఎనిమిది, తొమ్మిది, పది తరగతులను హన్మకొండ అవతలికి తీసుకుపోతానన్నాడు. అక్కడ ఆయన బావమరిది కొత్తగా ప్లాట్లు కొట్టాడు. కొనేవాళ్లు దొరక్క గడ్డి మొలుస్తోంది. మధ్యలో ఒక హైస్కూలు నిలబెడితే ప్లాట్లకు కళ వస్తుందని ఆయన ఆలోచన. పైకి మాత్రం "విద్యా వికాసం" అన్నాడు, అది కూడా రాయమల్లు మైకులోనే.

"బడి ఈడుంటే పిల్ల పోతది. లేకుంటే బీడీల చాట పట్టుకుంటది" అంది లక్ష్మీనర్సమ్మ. "రెండు బస్సులు మారి ఆడపిల్ల ఒక్కతి గంతదూరం పోవుడు నేను ఒప్ప."

"ఎనిమిదన్నా కానియ్యవే. తెలివైన పిల్ల."

"నేను తెలివితక్కువదాన్నని చాట పట్టిన్నా?"

నిజానికి ఆమె అతని కంటే బాగా లెక్కలు చేసేది. నాలుగో తరగతిలోనే బడి మాన్పించారు. ఆ సంగతి ఆమె ఎన్నడూ ఎత్తేది కాదు, ఇవాళ ఎత్తింది. రాయమల్లుకు భయం వేసింది. ఈ చాట తల్లి ఒళ్లోంచి బిడ్డ ఒళ్లోకి జారిపోతే తాను చూస్తూ కూర్చోవాలన్న భయం అది.

అయితే స్కూలు మార్చాలంటే తల్లిదండ్రుల సంఘం ఒప్పుకోవాలట. ఒప్పుకోవడం ఎలాగో సంఘం బైలాల్లో ఉందట. రాయమల్లు పోయి హెడ్మాస్టర్ వెంకట్రాజం సారును ఆ బైలా పుస్తకం అడిగాడు. సారు కళ్లజోడు తీసి తుడుచుకొని మళ్లీ పెట్టుకొని చూశాడు. సంఘం పుట్టాక ఆ పుస్తకం అడిగిన మొదటి మనిషి ఇతనే. బీరువా అడుగున సుద్దముక్కల డబ్బాల కిందినించి దాన్ని లాగి, దుమ్ము దులిపి, దేవుడి పటం ఇచ్చినట్టు రెండు చేతులా ఇచ్చాడు.

స్కూలు గోడ అవతలే ఇమాం పాషా రంగుల కార్ఖానా. నూలుకు రంగులద్దుతాడు. వాళ్ల సుల్తానా కూడా స్వరూప తరగతే. దండేల మీద ఆరిన నూలు చిలపల మధ్య ఇద్దరూ కూర్చొని బైలాలు విప్పారు. ఆ భాష చూస్తే, రాసినవాడికి తల్లిదండ్రుల మీద ఏదో పాత పగ ఉన్నట్టుంది.

"'కోరము లేనియెడల అర్ధగంట వేచియుండి, పిదప హాజరైనవారినే కోరముగా భావించవలెను'" అని పాషా చదివాడు. నీలం వేలితో గడ్డం గోక్కున్నాడు. "అంటే ఏంది రాయమల్లన్నా? వంట కాకుంటే అర్ధగంట ఆగి, ఖాళీ గిన్నెనే అన్నం అనుకోవాలెనా?"

"గదే భాయ్. మీటింగేమో పనిదినం పదకొండు గంటలకు పెడ్తరు. మగ్గం దిగి ఎవడొస్తడు? అర్ధగంట చాయ్ తాగి, నలుగురు కూసొని నాలుగొందల మంది ఒప్పుకున్నరని రాస్తరు."

రాయమల్లు పోయి మాట్లాడదామంటే ఇంకో నిబంధన అడ్డం పడింది. సంఘం నుండి ప్రతిఫలం పొందే వ్యక్తికి సమావేశంలో నోరు విప్పే హక్కూ లేదు, ఓటూ లేదు. మైకు కిరాయి తీసుకుంటున్నాడు కాబట్టి అతను ఆ గుంపులోకి వస్తాడు. ఊరందరి నోటికీ మైకు పెట్టేవాడికి నోరు లేదని తేలింది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. రాయమల్లు పుస్తకం విసిరేయబోతే పాషా ఆపాడు.

"ఆగు, తల్లి గానీ తండ్రి గానీ అని ఉన్నది. వదినె రావచ్చు."

"మీ వదినె మీటింగుకు వస్తే సూర్యుడు పడమట పొడుస్తడు. ఇంకేమన్నా ఉన్నదా సూడు."

చివరి పేజీలో ఒకటుంది. సభ్యుడెవరైనా చనిపోయిన వార్త సమావేశంలో తెలిస్తే, తక్షణమే లేచి మౌనం పాటించి, సంతాపం రాసి, సమావేశాన్ని పదిహేను రోజులకు తగ్గకుండా వాయిదా వేయాలి. పదిహేను రోజులు దొరికితే ఇల్లిల్లూ తిరగవచ్చు, ఎవడి కాళ్లో పట్టుకోవచ్చు. కానీ చచ్చేదెవరు? ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరికీ చిన్న పిల్లలున్నారు.

మీటింగు రోజు పొద్దున ఉప్పలయ్య వేపపుల్ల నములుతూ బావి దగ్గర నిలబడితే, ఎక్కడినించి వచ్చిందో ఒక కాకి టపీమని అతని నెత్తి మీద తన్ని పోయింది.

కాకి తన్నితే ఏం చేయాలో తెలుగునాట ఎవరినీ అడగక్కర్లేదు. తన్నించుకున్నవాడు చచ్చిపోయాడని చుట్టాలకు ఉత్తుత్తి కబురు పంపాలి. వాళ్లు నిజమనుకొని ఏడవాలి. ఆ ఏడుపుతో గండం తీరిపోతుంది. ఆనక బతికే ఉన్నాడని చెబితే నవ్వుకుంటారు, ఆయుష్షు పెరిగిందంటారు. కట్టమ్మ అప్పటికే కొంగు నోట్లో కుక్కుకొని ఇంటి ముందు అటూ ఇటూ తిరుగుతోంది. వర్ధన్నపేటలో ఉన్న ఆడబిడ్డకు కబురు పంపడానికి మనిషిని వెతుకుతోంది. అప్పుడే మైకు సామాను కోసం రాయమల్లు వచ్చాడు. విన్నాడు. ఉప్పలయ్య కొడుకూ ఆ బడిలోనే చదువుతున్నాడు, అంటే బావ కూడా సంఘం సభ్యుడే. రాయమల్లు కళ్లు పెద్దవయ్యాయి.

"అక్కా, వర్ధన్నపేటకు వద్దు. ఆ కబురేదో నాకు పంపు. బడి కాడికి, మీటింగు నడుస్తాంటె."

"నీకు పంపితె ఏం ఫాయిద? నువ్వు తెల్సినోడివి. తెల్వనోళ్లు ఏడ్వాలె. లేకపోతే గండం పోదు." ఆమెకు ఇది ఆట కాదు.

"ఒక్క ఆడబిడ్డ ఎందుకు, కాశిబుగ్గ మొత్తాన్ని ఏడిపిస్త. సాలునా?"

కట్టమ్మ ఆలోచించింది. ఒక ఆడబిడ్డ ఏడుపు కంటే ఊరంత ఏడుపు గట్టిదే కదా. పైగా ఆ ఆడబిడ్డ సరిగ్గా ఏడుస్తుందన్న నమ్మకం కూడా ఆమెకు మొదటినించీ లేదు.

"నన్ను గూడ జర అడుగుండ్రి. సచ్చేటోన్ని నేను" అన్నాడు ఉప్పలయ్య.

ఎవరూ అడగలేదు. పొద్దుటి బండికి ఉప్పలయ్య స్టేషన్ ఘన్‌పూర్ పోయాడని, అక్కడే ప్రాణం పోయిందని చెప్పాలనుకున్నారు. అతన్ని తీసుకుపోయి పాషా కార్ఖానాలో తడి నూలు వెనక దాచారు. "నాతోని అబద్ధం జెప్పియ్యకు అన్నా, తప్పయితది" అని పాషా మొండికేశాడు. "వచ్చి నీ చెవిల ఏదో ఒకటి అంట. అంతే."

మీటింగుకు జంపఖానా పరిచారు. ఆ వీధిలో నేసిందే. నేసినవాళ్లెవరూ దాని మీద కూర్చోవడానికి రాలేదు. రాజేశ్వర్ రావు, ఆయన మాటకు తలూపే ముగ్గురు, వెంకట్రాజం సారు వచ్చారు, అంతే. ఎప్పుడూ ఒక హారన్ హాల్లోకి తిప్పే రాయమల్లు, ఆ రోజు రెండు హారన్లూ వీధి వైపు కట్టాడు. అర్ధగంట వేచారు, బిస్కట్లు తిన్నారు, తామే కోరమని భావించారు. వీధిలో మగ్గాలు టకటకా ఆడుతూనే ఉన్నాయి. రావు మైకు అందుకొని "విద్యా వికాసం" దగ్గర మొదలుపెట్టి తీర్మానం దాకా వస్తుండగా, పాషా పరిగెత్తుకొచ్చి రాయమల్లు చెవిలో వంగి చెప్పాడు.

"ఉప్పలయ్య చాయ్ అడుగుతాండు."

రాయమల్లు లేచాడు. రావు చేతిలోంచి మైకు లాక్కున్నాడు. "పెద్దలారా... మా బావ..." అన్నాడు. "మా ఉప్పలయ్య బావ పోయిండు. ఘన్‌పూర్ల పోయిండు."

ఏడవడం ఎలాగా అని పొద్దున్నించీ గుబులుపడ్డాడు. కళ్లలో పెట్టుకోవడానికి ఉల్లిపాయ ముక్క కూడా జేబులో వేసుకున్నాడు. దాని అవసరమే రాలేదు. ఆ మాట తన గొంతులో, తన హారన్లలోంచి, వీధి మీద నుంచి తిరిగి తన చెవిన పడేసరికి నిజంలాగే ఉంది. తండ్రి గెంటేసిన రోజు మగ్గం పక్కకు జరిగి చోటిచ్చిన మనిషి లేడు అనుకున్నాడు, అంతే. మైకు పట్టుకొని పసిపిల్లాడిలా ఏడ్చాడు. పదేళ్లలో ఆ మైకులో అబద్ధాలు చాలా వచ్చాయి గానీ ఇంత నిజమైన ఏడుపు ఎప్పుడూ రాలేదు.

వీధిలో ఒక మగ్గం ఆగింది. ఇంకొకటి ఆగింది. చావు కబురు వింటే ఆ వీధిలో ఎవరూ మగ్గం మీద నాడె విసరరు. కాసేపటికి కాశిబుగ్గ మొత్తం నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దం ముందు తలూపే ముగ్గురూ తలూపడం మరిచిపోయారు.

వెంకట్రాజం సారు లేచి నిలబడ్డాడు.

"ముందు తీర్మానం కానివ్వండి. సంతాపం తరవాత చూద్దాం" అన్నాడు రావు.

"తక్షణమే అని ఉంది సార్" అన్నాడు వెంకట్రాజం సారు. ఆయన ధైర్యవంతుడేం కాదు. రావు అంటే భయమే. కానీ రాసి ఉన్నదాన్ని తప్పడమంటే అంతకంటే భయం. మౌనం పాటించారు. సంతాపం రాశారు. పదిహేను రోజుల తరవాత తేదీ వేసి అందరూ సంతకాలు చేశారు.

ఆ సరికి జనం రావడం మొదలైంది. వివరం తెలిసినవాడు రాయమల్లు, రాయమల్లు ఉన్నది బడిలో, కాబట్టి అందరూ బడికే వచ్చారు. నూలు పోగులు మీద అతుక్కొని ఉండగానే మగవాళ్లు, చంటిపిల్లల్ని చంకనేసుకొని ఆడవాళ్లు, చేతికర్రలతో ముసలివాళ్లు. బడి ఆవరణ నిండిపోయింది. ఆడవాళ్లు గుండెలు బాదుకుంటూ ఉప్పలయ్య గుణగణాలు రాగం తీశారు. కట్టమ్మ ఒక పక్క కూలబడి, ఎవరు ఏడుస్తున్నారో ఎవరు ఊరికే కళ్లు ఒత్తుకుంటున్నారో కొంగు సందులోంచి చూస్తూ ఉంది. లోలోపల ఆమె గుండె కుదుటపడుతోంది.

"బంగారమసొంటి మనిషి" అన్నాడు పక్క మగ్గం యాకయ్య, ముక్కు చీదుతూ. "నేతల అంచు ఒక్కటి ఎన్నడు సక్కగ రాకపోవుగని, మనిషి బంగారం."

"ఎవనిదిరా అంచు వంకర?"

గోడ మీద ఉప్పలయ్య. తడి నూలుకు ఆనుకొని కూర్చున్నాడేమో, మొహం ఒక పక్కా చెయ్యీ భుజమూ ముదురు నీలం. ఆడవాళ్లు కెవ్వుమన్నారు. యాకయ్య కాళ్లు చెరో దిక్కుకు పరిగెత్తబోయేసరికి అతను అక్కడే కూలబడ్డాడు. నీలం మనిషి గోడ దూకి వచ్చి అతని మీద నిలబడి, "నీ మగ్గం మీది గుడ్డ తెస్త, నా గుడ్డ తెస్త, అంచు జూసి చెప్పు" అని గొడవకు దిగాడు.

కట్టమ్మ లేచి, కాకి సంగతి చెప్పింది. తరవాత నవ్వు మొదలైంది. మోసమని అనడానికి ఎవరికీ వీల్లేదు. రేపు కాకి ఎవరి నెత్తినైనా తన్నవచ్చు.

రాజేశ్వర్ రావు మాత్రం అన్నాడు. మోసమన్నాడు, మీటింగు మళ్లీ తెరవమన్నాడు. "సంతకాలైపోయినయి సార్. మళ్లీ నోటీసు ఇవ్వకుండా కుదరదు" అన్నాడు వెంకట్రాజం సారు, దాదాపు ఏడుస్తూ. రావు స్కూటరు తన్నితే అది కూడా ఆరేడు తన్నులకు గాని లేవలేదు.

రాయమల్లు హారన్లు విప్పడానికి స్తంభం దగ్గరికి పోయాడు. పోయి, ఆవరణ వైపు తిరిగి చూశాడు. గోడ నుంచి గోడ దాకా జనం. పదేళ్లుగా ఏ మీటింగుకూ రాని కోరం మొత్తం అక్కడ నిలబడి నవ్వుతోంది. అతనికి ఉన్నట్టుండి అరికాలి మంట నెత్తికెక్కింది. మైకు తీశాడు. టెస్టింగ్ అనలేదు.

"సచ్చినోన్ని జూసేటందుకు ఇంతమంది వచ్చిండ్రు. మగ్గాలు బంద్ పెట్టి వచ్చిండ్రు. మన పిల్లల బడి లేవగొడ్తాన్రని మీటింగు పెడితె ఒక్కడు రాలే. మీ తరఫున గా నలుగురు ఒప్పుకుంటాన్రు. మనకు పిల్లలు బతికి సదువుకునుడు కంటె మనిషి సచ్చుడే పెద్ద పనా? నాకు ఓటు లేదు. నోరు గూడ లేదని బుక్కుల రాసిండ్రు. మీకున్నదిగదా, మీకేం రోగం?"

నవ్వు ఆగిపోయింది. అంత పొడుగు మాట రాయమల్లు జన్మలో మాట్లాడలేదు. ఆ గుంపు చివర, చేతిలోని బీడీ ఆకు కత్తెర కూడా కింద పెట్టకుండా పరిగెత్తుకొచ్చిన లక్ష్మీనర్సమ్మ నిలబడి ఉందని అప్పుడు చూశాడు. ఆమె వెనుదిరిగి ఇంటికి పోయింది. ఆ రాత్రి అన్నం పెట్టి, మళ్లీ చాట ముందేసుకుంది. బిడ్డ చదువు సంగతి ఎలా ఎత్తాలో అతనికి తెలియలేదు.

ఆ పదిహేను రోజులూ ఉప్పలయ్య ఇల్లిల్లూ తిరిగాడు. నీలం ఇంకా పూర్తిగా వదల్లేదు. "నా సావుకొచ్చినోళ్లు గీ మీటింగుకు రాకపోతే, నేను నిజంగ పోయిననాడు రావద్దు" అని చెప్పి వచ్చేవాడు.

మీటింగు రోజు మగ్గాలు ఆగాయి, ఈసారి ఎవరూ చావకుండానే. ఆవరణలో పరిచిన జంపఖానా చాలక జనం మట్టిలో కూర్చున్నారు. అర్ధగంట వేచే పని పడలేదు. మార్చాలన్నవాళ్లు చేతులెత్తమంటే రావూ ఆ ముగ్గురూ ఎత్తారు. వద్దన్నవాళ్లు ఎత్తమంటే ఆవరణ అంతా చేతులే. వెంకట్రాజం సారు లెక్కపెట్టలేక చెమట తుడుచుకుంటూ నిలబడ్డాడు.

రాయమల్లు ఆ చేతుల్లో ఒక చెయ్యి కోసం వెతుకుతున్నాడు. ఆడవాళ్ల వైపు వరసలన్నీ చూశాడు. కనపడలేదు. రాలేదనుకున్నాడు. బడి నిలబడింది, మిగతాది ఇంట్లో తేల్చుకోవాలి అనుకుంటుండగా, వెనక వరసలో లక్ష్మీనర్సమ్మ చెయ్యెత్తడం కాదు, లేచి నిలబడింది.

"సారూ, నా మాట గూడ బుక్కుల రాయుండ్రి" అంది. "ఈ బడి ఈన్నే ఉండాలె. మా స్వరూప పదోది పాసయ్యేదాక పోతది."

ఎనిమిదో తరగతి దాకా చదవనిమ్మని అడగడానికే రాయమల్లు భయపడ్డాడు. పది అన్న మాట అతను మనసులో కూడా ఎప్పుడూ అనుకోలేదు.

"రాస్తానమ్మా. సభ్యుడి పేరు?" అన్నాడు సారు కలం పట్టుకొని. మొగుడి పేరు ఆమె నోట ఎన్నడూ పలకలేదు, ఇప్పుడూ పలకలేదు. చెయ్యి చాపి చూపించింది.

"గాయన. గా మైకు కాడ నోరు దెరుసుకొని నిలవడ్డాయన."

అందరూ అతని వైపు తిరిగి నవ్వారు. బైలాల ప్రకారం నోరు విప్పే హక్కు లేదు కాబట్టి రాయమల్లు ఏమీ అనలేదు. కళ్లు తుడుచుకొని, మైకు ఊడదీసుకొని, తీగ లాక్కుంటూ జనం మధ్యలోంచి వెనక వరస దాకా నడిచాడు. మైకు ఆమె నోటి ముందు పెట్టి పట్టుకున్నాడు.

"మళ్లొక్కసారి చెప్పు" అన్నాడు.